అడ్రస్ అడిగే నగరంలో అడ్రస్ లేని బతుకులు

సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట, రేతిఫైల్ బస్టాండ్ చుట్టూ, అఫ్జల్‌గంజ్‌లో దుకాణాల అరుగుల మీద, నాంపల్లి దర్గా దగ్గర, ఊరంతా ఫ్లైఓవర్ల కింద రాత్రి పదకొండు దాటితే గానీ పక్క పరుచుకోవడానికి ఉండదు. తెల్లవారకముందే మళ్లీ చుట్టేయాలి. షట్టర్ లేచేలోపు లేవాలి, ఊడ్చేవాళ్లు వచ్చేలోపు జరగాలి. ఇక్కడ అయిదేళ్లుగా ఇలా పడుకుంటున్నవాళ్లున్నారు, పదిహేనేళ్లుగా పడుకుంటున్నవాళ్లున్నారు, పేవ్‌మెంట్ మీదే పుట్టి పెళ్లీడుకొచ్చిన పిల్లలున్నారు. హైదరాబాద్‌కు సాఫ్ట్‌వేర్ నగరమని పేరు తెచ్చిన సైబర్ టవర్స్ 1998లో మొదలైంది. అప్పుడూ ఈ అరుగుల మీద మనుషులు పడుకునేవారు. ఇప్పుడూ పడుకుంటున్నారు. మధ్యలో పాతికేళ్లు దాటిపోయాయి.

ఈ పాతికేళ్లలో వీళ్లకు చెప్పిన మాటలు తక్కువేం కాదు. పని నేర్పిస్తామన్నారు. ఫోన్‌లోనే పని దొరుకుతుందన్నారు. కూలి నేరుగా ఖాతాలో పడుతుందన్నారు. నగరంలో ఎంతోమందికి ఇవన్నీ అందాయి కూడా. పేవ్‌మెంట్ దాకా మాత్రం రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే వీళ్లు పెద్ద కారణాలేవీ చెప్పరు. "అడ్రస్ ఏదంటరు సార్. లేదంటే పక్కకు జరుగుమంటరు" అంటారు. "ఓటీపీ వచ్చిందా అంటరు. ఫోనుంటే గద, వచ్చేది" అంటారు. పాతికేళ్ల కష్టం ఈ రెండు మాటల్లో ఉంది.

ఒక్క రాత్రి లెక్క

ఇల్లు లేనివాళ్లను దేశం పదేళ్లకోసారి, ఒకే ఒక్క రాత్రి లెక్కపెడుతుంది. కిందటిసారి ఆ రాత్రి 2011 ఫిబ్రవరి 28. రోడ్డు పక్కన, పేవ్‌మెంట్ మీద, పెద్ద సిమెంటు గొట్టాల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుళ్ల ఆవరణల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉన్నవాళ్లందరినీ లెక్కలో చేర్చారు. దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు. అందులో తొమ్మిది లక్షల పైచిలుకు పట్టణాలవాళ్లే. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 1.45 లక్షల మంది.

ఆ రాత్రి పెళ్లి పనికి పోయినవాడు, మార్కెట్‌లో లారీ దించుతున్న హమాలీ, తరిమేస్తారని సందులోకి తప్పుకున్న ఆడమనిషి ఆ లెక్కకు చిక్కి ఉండరు. అయినా ఆ లెక్కే ఇప్పటికీ ఆధారం. 2021లో జరగాల్సిన జనగణన అప్పుడు జరగలేదు. ఇన్నేళ్లలో నగరం ఎంత పెరిగిందో అందరికీ తెలుసు. ఊళ్లలో నీళ్లు లేక, అప్పు తీరక, ఇంట్లో గొడవపడి, జబ్బు మనిషిని ఆసుపత్రికి తెచ్చి తిరిగి పోలేక నగరంలోనే ఆగిపోయినవాళ్లు ఎంత పెరిగారో మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు.

ఉండాల్సిన ఆశ్రయాల లెక్క ఎప్పుడో తేలింది. 5 లక్షల జనాభా దాటిన నగరాల్లో లక్షకు ఒకటి చొప్పున, ఏడాది పొడవునా, రోజంతా తెరిచి ఉండే ఆశ్రయాలు ఏర్పాటు చేయాలని 2010లోనే న్యాయస్థానం ఆదేశించింది. 2011 జనాభా ప్రకారమే హైదరాబాద్ నగరపాలక పరిధిలో 67 లక్షల పైన ఉన్నారు. అంటే అప్పటికే అరవైకి పైగా ఆశ్రయాలు ఉండాలి. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ సంఖ్య దరిదాపులకు రాలేదు. 2013లో పట్టణ పేదల ఉపాధి కోసం వచ్చిన జాతీయ పథకం మార్గదర్శకాలు ఇంకా ముందుకెళ్లాయి. ఒక్కో ఆశ్రయంలో యాభై నుంచి వంద మందికి చోటు, మనిషికి 50 చదరపు అడుగులు అని రాశారు. అక్కడ ఉండేవాళ్లకు గుర్తింపు కార్డు, ఉత్తరాలు అందుకునే చిరునామా, బ్యాంకు ఖాతా, పని శిక్షణ అందేలా చూడాలని కూడా రాశారు. వీళ్లకు ఏం కావాలో రాసినవాళ్లకు బాగానే తెలుసన్నమాట. తెలిసిన సంగతి చేతల్లోకి రాకుండానే పన్నెండేళ్లు గడిచాయి.

ఫోన్ పోతే అన్నీ పోయినట్టే

పేవ్‌మెంట్ మీద నిద్రంటే ఒక కన్ను తెరిచి పడుకోవడమే. ఫోన్‌ను నడుముకు కట్టుకుంటారు, చొక్కా లోపల పెట్టుకుంటారు, చెప్పులతో కలిపి తల కింద పెట్టుకుంటారు. అయినా పోతుంది. ఏళ్ల తరబడి ఇక్కడున్నవాళ్లలో ఫోన్ ఒక్కసారీ పోనివాళ్లు అరుదు.

ఇల్లున్నవాడికి ఫోన్ పోతే డబ్బు నష్టం. వీళ్లకు అది పోవడంతో మొదలై ఒకదాని వెనక ఒకటి పోతాయి. కొత్త సిమ్ కావాలంటే ఆధార్ అడుగుతారు. ఆధార్ కాగితం ఎప్పుడో వానకు తడిసి ముద్దయింది. ఆన్‌లైన్‌లో తీసుకుందామంటే ఓటీపీ పాత నంబరుకే పోతుంది. ఆ నంబరే కదా పోయింది! కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. కానీ ఏళ్ల తరబడి వేడినీళ్లలో, సోడాలో గిన్నెలు తోమిన చేతులకు, సిమెంటు కలిపిన చేతులకు గీతలు అరిగిపోయి ఉంటాయి. "వేలు పెడితే ఎర్ర లైటే వస్తది. చెయ్యి కడుక్కొని రా అంటరు. ఎన్నిసార్లు కడగాలె?" అని అడుగుతాడు ఫంక్షన్ హాళ్లలో గిన్నెలు తోమే మనిషి. వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది.

ఫోన్ పోకపోయినా నంబరు నిలవడం కష్టమే. నెల రీచార్జికి దగ్గరదగ్గర రెండు వందలు కావాలి. పని లేని నెలలో తిండికే లేదు, రీచార్జి ఎక్కడిది? మూడు నెలలు వాడని నంబరును కంపెనీ తీసేస్తుంది, తర్వాత వేరేవాళ్లకు ఇచ్చేస్తుంది. 2014లో జీరో బ్యాలెన్స్ ఖాతాలు తెరిచినప్పుడు వీళ్లలోనూ కొందరికి పాసుపుస్తకాలు వచ్చాయి. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఆ ఖాతా స్తంభిస్తుంది, మళ్లీ నడవాలంటే మళ్లీ కాగితాలు చూపాలి. అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ నమోదు మొదలైంది. సొంతంగా పేరు రాయించుకోవాలంటే ఆధార్‌తో ముడిపడిన నంబరు కావాలి. లేనివాళ్లు సేవాకేంద్రంలో వేలిముద్ర వేయాలి. తిరిగి తిరిగి మళ్లీ అదే వేలు, అదే ఎర్ర లైటు.

చార్జింగ్ ఇంకో బాధ. స్టేషన్‌లో ప్లగ్గు దగ్గర నిలబడితే టికెట్ ఏదంటారు. టీ కొట్టు దగ్గర పెట్టుకోవాలంటే టీ కొనాలి, ఫోన్ నిండేదాకా అక్కడే కాపలా కాయాలి. ఇటు చూస్తే క్యాటరింగ్ మేస్త్రీలు పనివాళ్లను వాట్సాప్‌లోనే పిలుస్తున్నారు. "రేపు పొద్దున ఆరింటికి ఇరవై మంది కావాలె" అని మెసేజ్ వస్తుంది. ముందు చూసినవాడికే పని. బ్యాటరీ అయిపోయినవాడు అడ్డా మీదకొచ్చి నిలబడేసరికి ఆటో వెళ్లిపోయి ఉంటుంది. అందరికీ పనిని దగ్గర చేసిన ఫోన్ వీళ్లకు ఇన్నాళ్లూ ఉన్న అడ్డా పనిని కూడా దూరం చేసింది.

శిక్షణకు కూర్చోవాలంటే

నగరంలో ఇల్లు లేని మగవాళ్లలో చాలామందికి క్యాటరింగే ఆధారం. వడ్డన, గిన్నెలు తోమడం, కుర్చీలు సర్దడం, సామాను ఎత్తడం. ముహూర్తాలున్న నెలల్లో రోజూ పని. ఆషాఢం వస్తే లేదు, మూఢం వస్తే లేదు. ఆ రోజుల్లో ఐదు రూపాయల భోజనం కౌంటర్ దగ్గర క్యూ పెరుగుతుంది. 2014లో ఆ కౌంటర్లు మొదలైనప్పటి నుంచి మధ్యాహ్నం తిండికి వాటినే నమ్ముకున్నవాళ్లున్నారు. రాత్రి తిండి ఎవరైనా పెడితేనే.

ఇలాంటివాళ్లకు స్థిరమైన పని నేర్పాలనడంలో తప్పేం లేదు. ఎలక్ట్రికల్, ప్లంబింగ్, హౌస్‌కీపింగ్, డ్రైవింగ్, కంప్యూటర్ కోర్సులు ఉన్నాయి. ఫీజు లేనివీ ఉన్నాయి. నేర్చుకోవాలని వీళ్లకూ ఉంది. "తోమిన చెయ్యితోనే స్విచ్చిబోర్డు కూడా బిగిస్తా. నేర్పితే ఎందుకు రాదు?" అని ఒక కుర్రాడి ప్రశ్న. అతనికి పని రాకపోవడం సమస్య కాదు. కోర్సులన్నీ సాయంత్రం ఇంటికి పోయి, తిని, పడుకుని, పొద్దున్నే స్నానం చేసి వచ్చేవాళ్ల కోసం కట్టినవి.

పెళ్లి పని ముగిసేసరికి రాత్రి ఒంటిగంట అవుతుంది. ఆశ్రయంలో చోటు ఉన్నా ఆ వేళకు తలుపు తీయరు. మిగిలిన రాత్రి అరుగు మీదే. పొద్దున క్లాసుకు పోవాలంటే ముందు స్నానం కావాలి. మరుగుదొడ్డికి డబ్బు, స్నానానికి ఇంకాస్త డబ్బు. చొక్కా ఉతుక్కుంటే ఆరేదాకా దాని పక్కనే కూర్చోవాలి, లేస్తే చొక్కా ఉండదు. సంచీ ఎక్కడ పెట్టాలి? క్లాసులోకి దుప్పటి మూటతో వస్తే అందరూ అదోలా చూస్తారు. ఎవరికైనా అప్పగిస్తే సాయంత్రానికి ఉంటుందన్న నమ్మకం లేదు. అన్నిటికీ మించి శిక్షణ ఉన్న రోజు కూలి లేదు. కోర్సు మూడు నెలలు. మూడు నెలలు కూలి మానుకుని బతకగలిగినవాడు పేవ్‌మెంట్ మీద ఎందుకుంటాడు?

అన్నీ దాటి సర్టిఫికెట్ చేతికొచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు తర్వాతి గోడ ఎదురవుతుంది. మాదాపూర్‌లో హౌస్‌కీపింగ్ పని ఇస్తామంటారు. చేరేముందు అడ్రస్ తనిఖీ అంటారు. చేరాక మొదటి జీతం నెల గడిస్తే గానీ రాదు. ఆ నెలంతా సికింద్రాబాద్ నుంచి బస్సు చార్జీ ఎక్కడిది, రెండు పూటల తిండి ఎక్కడిది? దగ్గర్లో గది తీసుకుందామంటే అడ్వాన్సు ముందే కట్టాలి. ఇంటి ఓనరు అడిగే మొదటి మాట "ఫ్యామిలీనా, బ్యాచిలరా?", రెండో మాట "ఆధార్ ఉందా?" ఇరవై రోజులు పని చేసి, జీతం చేతికి రాకముందే మళ్లీ క్యాటరింగ్ ఆటో ఎక్కినవాడిని చూసి నిలకడ లేని మనిషి అంటారు. రోజుకూలి మీద పదేళ్లు బతికినవాడికి నెల జీతం కోసం ఆగే స్తోమత ఉండదని ఎవరూ ఆలోచించరు.

ఆడవాళ్ల కష్టం ఇంకో పొర

ఆడవాళ్ల రాత్రి ఇంకా పొడవు. ఒంటరిగా ఉన్నామని తెలియకూడదని మెడలో పసుపుతాడు వేసుకుని తిరిగేవాళ్లున్నారు. వెలుతురున్న చోటే పడుకుంటారు. పెద్దాసుపత్రుల ముందు రోగుల బంధువుల్లో కలిసిపోయి పడుకుంటారు. చీకటి పడ్డాక మరుగుదొడ్డికి పోవాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. ఏళ్ల తరబడి ఇలా మానేసి జబ్బులు తెచ్చుకున్నారు.

శిక్షణ పేరెత్తితే వీళ్లకు చూపించేది కుట్టుమిషనే. "మిషన్ ఇస్తనంటరు బిడ్డా, ఏడ పెట్టుకోను? నెత్తి మీద పెట్టుకుని తిరగాల్నా?" అంటుంది ఒక ముసలామె. ఆ మాటకు చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు, ఆమె నవ్వదు. చిన్నపిల్లలున్న తల్లికి ఇంకో చిక్కు. పిల్లను ఎవరికి అప్పగించి క్లాసుకు పోవాలి? పిల్లను వెంటబెట్టుకుని పోతే రావద్దంటారు. పేవ్‌మెంట్ మీద వదిలిపోతే తల్లివేనా అంటారు. బడి ఈడు పిల్లల చదువు కూడా అడ్రస్ దగ్గరే ఆగుతుంది. అరుగు మారినప్పుడల్లా బడి మారదు, పోతుంది.

పండగొస్తే దుప్పటి, పెద్దలొస్తే తరిమివేత

చలికాలం వస్తే దయగలవాళ్లు దుప్పట్లు పంచుతారు. వాళ్లకు దండం పెట్టాల్సిందే. పగలు ఆ దుప్పట్లు దాచుకునే చోటు లేక వాటిలో సగం వారంలోనే పోతాయి. మరుసటేడు మళ్లీ పంచుతారు. ఏళ్ల తరబడి ఇదే తంతు.

నగరానికి పెద్దలొచ్చినప్పుడు వీళ్ల పరిస్థితి వేరు. 2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. కొత్త ఆలోచనలు, కొత్త టెక్నాలజీ, కొత్త వ్యాపారాలు దాని విషయం. ఆ సదస్సుకు ముందే నగర రోడ్ల మీద రెండు నెలలపాటు భిక్షాటన నిషేధించారు. దొరికినవాళ్లను జైలు ఆవరణల్లో ఏర్పాటు చేసిన ఆశ్రమాలకు పంపారు. అడుక్కునేవాళ్లకూ కూలి చేసుకుని అరుగు మీద పడుకునేవాళ్లకూ తేడా చూడరన్న భయం అప్పటి నుంచి ఇంకా గట్టిపడింది. ఆశ్రయం బండి వచ్చినా ఇప్పటికీ కొందరు లేచి పరిగెత్తుతారు. ముప్పై ఏళ్లు తరిమించుకున్నవాళ్లు ఒక్క పిలుపుకు నమ్మి వస్తారా?

తాగుబోతులని, సోమరులని వీళ్ల మీద ఊరు వేసే ముద్ర ఇంకోటి. తాగేవాళ్లు లేరని ఎవరూ అనరు. మతి చలించినవాళ్లూ ఉన్నారు, వాళ్లకు కావాల్సింది వైద్యం. కానీ తెల్లవారుజామున నాలుగింటికి మార్కెట్‌లో మూటలు మోసేదెవరు? మన ఇంటి పెళ్లిలో వెయ్యి మంది తిన్న ప్లేట్లు కడిగేదెవరు? మనం పారేసిన అట్టలు, సీసాలు ఏరి స్క్రాప్ దుకాణానికి చేర్చేదెవరు? పని చేయనివాళ్లని వీళ్లను అనడం అన్యాయం.

ఓటుకు పనికొచ్చిన అరుగు

అడ్రస్ లేకపోతే ఏమీ చేయలేమన్న మాట నిజం కాదు. ఇల్లు లేనివాళ్లు ఓటరుగా చేరడానికి ఇంటి కాగితం చూపక్కర్లేదు. దరఖాస్తులో రాసిన చోట నిజంగా పడుకుంటున్నారో లేదో సిబ్బందే రాత్రిపూట వచ్చి చూసుకోవాలని నిబంధన ఉంది. అరుగైనా సరే, ప్లాట్‌ఫారమైనా సరే, పడుకునే చోటే ఓటుకు చిరునామా. ఓటుకు సరిపోయిన చోటు పని శిక్షణకు ఎందుకు సరిపోదు? బ్యాంకు ఖాతాకు ఎందుకు సరిపోదు?

వేలిముద్ర సంగతీ అంతే. పెన్షన్ తీసుకునే పెద్దలు ఏడాదికోసారి తాము బతికే ఉన్నామని చూపుకోవడానికి ఫోన్ కెమెరాకు ముఖం చూపిస్తే చాలనే పద్ధతి 2021లోనే వచ్చింది. వయసుతో గీతలు అరిగినవాళ్లకు దొరికిన వెసులుబాటు పనితో గీతలు అరిగినవాళ్లకు ఆశ్రయంలో, అడ్డా దగ్గర దొరకాలి. కాగితాలు తడవకుండా ఆన్‌లైన్‌లో దాచుకునే డిజిలాకర్ 2015 నుంచి ఉంది. కాగితాలు తడిసేది పేవ్‌మెంట్ మీదే. అక్కడివాళ్లకు డిజిలాకర్ తెరిచి ఇచ్చేవాళ్లే లేరు.

బతుకుతెరువు హక్కు బతికే హక్కులో భాగమేనని న్యాయస్థానం 1985లోనే చెప్పింది. ఆ మాట వచ్చింది కూడా ముంబయి పేవ్‌మెంట్ మీద బతికేవాళ్ల కేసులోనే. నలభై ఏళ్ల కిందటి ఆ మాటకు సికింద్రాబాద్ పేవ్‌మెంట్ మీద ఇంకా విలువ రాలేదు.

అడిగేది ఇంతే

ఏళ్లుగా ఇక్కడున్నవాళ్లు అడిగేవి చిన్నవి, తీర్చగలిగినవి. పని ముగించుకుని ఏ రాత్రి వచ్చినా తలుపు తీసే ఆశ్రయం కావాలి. అది స్టేషన్‌కు, అడ్డాకు నడిచే దూరంలో ఉండాలి, ఊరి బయట కాదు. అందులో ఒక్కో మనిషికి తాళం వేసుకునే పెట్టె, పక్క దగ్గరే ఫోన్ పెట్టుకునే ప్లగ్గు ఉండాలి. ఫలానా మనిషి ఇక్కడ ఉంటున్నాడని రాసిచ్చే ఉత్తరం కావాలి, ఆ ఉత్తరాన్ని సిమ్ కంపెనీ, బ్యాంకు, శిక్షణ కేంద్రం ఒప్పుకోవాలి. ఆడవాళ్లకు, పిల్లల తల్లులకు వేరే ఆశ్రయం, పిల్లను చూసుకునే మనిషి కావాలి. శిక్షణ అక్కడే, పనివేళలను బట్టి ఇవ్వాలి. నేర్చుకున్న రోజుకు రోజు కూలి ఇవ్వాలి. ఉద్యోగంలో చేరిన మొదటి నెల ఖర్చుకు డబ్బు సర్దాలి, జీతంలో కొద్దికొద్దిగా పట్టుకున్నా ఫరవాలేదు.

వీటిలో చాలా భాగం 2013 నుంచి మార్గదర్శకాల్లో ఉన్నదే. కొత్త యాప్ అక్కర్లేదు, కొత్త కమిటీ అక్కర్లేదు. ముందు కప్పు, తర్వాత కోర్సు అన్న వరస పాటించాలి. తాళం పెట్టె, ప్లగ్గు, ఉత్తరం, రాత్రి నిద్ర ఇవ్వకుండా ఇచ్చే శిక్షణతో రిజిస్టర్‌లో పేర్లు పెరుగుతాయి గానీ పేవ్‌మెంట్ మీద మనుషులు తగ్గరు. పాతికేళ్లుగా తగ్గలేదు కూడా. చేయాల్సినవాళ్లు ఇకనైనా చేయాలి. అప్పటిదాకా ఈ నగరం ఎన్ని టవర్లు కట్టుకున్నా, తన దగ్గర కూలి చేసేవాడికి పడుకునే చోటు ఇవ్వలేని నగరమే.